తిత్తులమ్మ పిడి వదిలిన ఆదివారం

“నేను కునుకు తీస్తే, ఆ కాసేపట్లోనే దీని ఊపిరి ఆగిపోతుందేమోనని భయంగా ఉంది పిన్నీ.”

అక్క కూతురు ఈ మాట అనేసరికి శనివారం సాయంత్రం నాలుగయింది. పాప పుట్టి నలభై మూడు రోజులు. మంచం పక్కన స్టూలు మీద ఒక నోటుపుస్తకం, దాని మీద బడిలో పరుగుపందేలకి వాడే స్టాప్‌వాచీ. పుస్తకం నిండా అంకెలు. నిమిషానికి నలభై రెండు, నలభై అయిదు, ముప్పై తొమ్మిది. ముప్పై తొమ్మిది కింద ఎర్ర సిరాతో రెండు గీతలు.

తిత్తులమ్మ ఆ పుస్తకం తిరగేసి, మూసి, ఉన్నచోటే పెట్టింది.

“ఊపిరిక్కూడా మార్కులు వేస్తున్నావన్నమాట. పాసయిందా?”

“నవ్వకు పిన్నీ. నిద్రలో ఊపిరి ఆగడమన్నది నిజంగానే ఉంటుంది. చదివాను.”

“చదివే ఉంటావులే. నేను నవ్వింది నిన్ను చూసి కాదు. ఆ భయం నాకు ముప్పై ఒక్క ఏళ్ళుగా తెలుసు. రేపు పొద్దున పాలు పట్టి దీన్ని నాకిచ్చేసి పడుకో. చర్చిలో నాతోపాటు ఉంటుంది. రెండు గంటల్లో తెచ్చి నీ ఒళ్ళో పెడతాను.”

బడిలో పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పే ఆ అమ్మాయి ఏదో అనబోయింది. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, సరేనంది. నిద్రలేక కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి కదా, అందుకే అలా ఉందనుకుంది తిత్తులమ్మ.

ఆవిడని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. చర్చిలో గోడంత ఎత్తు ఆర్గన్ ఉంది. మెట్లు నొక్కితే అది పాడుతుందనుకుంటారు అందరూ. మెట్లు నొక్కితే గాలికి దారి తెరుచుకుంటుంది, అంతే. ముందు గాలంటూ ఉండాలి కదా. ఆ గాలి పుట్టేది ఆర్గన్ వెనక, బట్టల బీరువా అంత గదిలో. అక్కడ ఒక స్టూలు, నేలకి దగ్గరగా రెండు తోలు తిత్తులు, వాటిని ఆడించే బారెడు కర్రపిడి. పిడిని కిందికి నొక్కి పైకి లాగుతుంటే గాలి పెద్దపెట్టెలోకి చేరుతుంది. గోడమీద తాడుకి వేలాడే సీసం గుండు ఒకటి, దాని పక్కన సుద్దతో రెండు గీతలు. గుండు ఆ గీతల మధ్య ఉన్నంతసేపూ పాటకి ఢోకా లేదు. పైగీత దాటిందా, గాలి తరిగిపోతున్నట్టు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆవిడ చూపు ఆ గుండు మీదనుంచి తప్పుకోలేదు. చెయ్యి ఆగితే పాట చస్తుంది. ఇదే ఆవిడ భయం, ఇదే ఆవిడ గొప్ప.

ఆ గదిలోకి ఆవిడ వచ్చి పడటం కూడా ఒక కథే. మొగుడు లారీ నడిపేవాడు. ఒకరోజు సంచీ సర్దుకుని గుమ్మంలో నిలబడి, “నీ అవసరం లేదు నాకిక” అన్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. ఉల్లిపాయలు అయిపోయాయని చెప్పినంత మామూలుగా చెప్పి వెళ్ళిపోయాడు. ఆ తర్వాతి ఆదివారం నలుగురి మధ్యా కూర్చోడానికి మొహం చెల్లక ఆవిడ చర్చి వెనకవైపు తచ్చాడుతుంటే, అప్పటి ఆర్గన్ వాయించే ముసలాయన తలుపు తీసి, “చేతులు ఖాళీగా ఉన్నాయా అమ్మా? తిత్తి ఆడించేవాడు రాలేదు” అన్నాడు. ఖాళీగానే ఉన్నాయి. ఆ ఆదివారమే పాస్టరుగారు ప్రసంగంలో, “ఈ భూమ్మీద దేవుడికి మన చేతులే చేతులు” అన్నారు. చెక్కగోడ వెనక చెమటలు కక్కుతున్న మనిషికి ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. మొగుడికి అక్కర్లేని చేతులు దేవుడికి కావలసివచ్చాయి. వారమంతా ఇంట్లో కుట్టుమిషను మీద కర్టెన్లు, దిండు గలేబులు కుట్టేది. ఆదివారం మాత్రం దేవుడి పాటకి ఊపిరి పోసేది.

ముసలాయన పోయాక సంగీతం మాస్టారు వచ్చాడు. ఆయనా ఆవిడా ఇరవై రెండేళ్ళు కలిసి పనిచేశారు. మధ్యలో చెక్కగోడ ఉంది కాబట్టి ఒకరికొకరు కనబడరు. ఆయన చెక్కమీద వేలి కణుపులతో రెండుసార్లు తడతాడు, గాలి కావాలని. ఈవిడ రెండుసార్లు తడుతుంది, సిద్ధమని. పాటయ్యాక ఆయన ఒక్కసారి తడితే, చాలని. ఇద్దరికీ మధ్య ఉన్న భాష అంతా అదే, దానితో ఏ లోటూ రాలేదు.

పోయినేడు ఒక పెద్ద పెళ్ళి జరిగింది. పాటలు చాలా పెట్టుకున్నారు. నాలుగో పాట మధ్యలో ఆవిడ కుడిభుజం పట్టేసింది. గాలి తరిగి, పాట తోక తొక్కిన పిల్లిలా అరిచి చచ్చిపోయింది. పెళ్ళివారు కిసుక్కున నవ్వారు. ఆవిడకి తల తీసేసినట్టయింది. తర్వాత కొన్నాళ్ళకి జ్వరం వచ్చి ఒక వారం వెళ్ళలేకపోయింది. తిరిగి వెళ్ళేసరికి గదిలో మూడు మార్పులు కనబడ్డాయి. సీసం గుండు లేదు. “తాడు తెగిందక్కగారూ, కడదాంలెండి” అన్నాడు మాస్టారు. పిడి కదలిక కాస్త వేరుగా ఉంది. “కొత్త తోలు వేయించాం, మీ భుజానికి హాయిగా ఉంటుంది” అన్నాడు. ఎక్కడో సన్నగా జోరీగ మోతలాంటిది వినిపిస్తోంది. “అదా, పక్కింటివాళ్ళ నీళ్ళ మోటారు” అన్నాడు. తన భుజం కోసం తోలు మార్పించారని ఆవిడ ఇంటికి వచ్చి అక్క కూతురితో ఎంతో మురిసిపోతూ చెప్పుకుంది. అప్పటికి ఆ అమ్మాయి కొత్తగా కడుపుతో ఉంది. విని, తల తిప్పుకుని, వేవిళ్ళని చెప్పి లోపలికి పోయింది.

సరే, ఆ ఆదివారం. పాపని ఛాతీకి కట్టుకుని, చెవులకి మెత్తటి గుడ్డ చుట్టి తిత్తులమ్మ తన గదిలో కూర్చుంది. పాట పలికే గొట్టాల నోళ్ళు జనంవైపు ఉంటాయి కాబట్టి వెనక మోత తక్కువే. రెండు తట్లు. రెండు తట్లు. పాట మొదలైంది. పాప నిద్రపోతోంది. ఒక చేత్తో పాప వీపు, ఒక చేత్తో పిడి.

మూడో చరణం మధ్యలో పాప కక్కింది. పాలు గొంతుకి అడ్డం పడ్డాయి. చిన్న మొహం ఎర్రబడింది, నోరు తెరిచింది, శబ్దం లేదు.

అటు పాట, ఇటు బిడ్డ. ఆలోచించడానికి వ్యవధి లేదు. ఆవిడ పిడి వదిలేసింది. గుడ్డ ముడి లాగి, పాపని ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, వీపు మీద అరచేత్తో తట్టింది. అయిదోసారికి పాలు బయటపడ్డాయి. పాప దగ్గి, కెవ్వుమంది. ఆ కేక విని ఆవిడ నేలమీద చతికిలపడింది.

అప్పుడు గుర్తొచ్చింది, పాట. ఇప్పుడో ఇంకాసేపట్లోనో పిల్లిలా అరుస్తుంది, అందరూ నవ్వుతారు. సిగ్గుతో కళ్ళు మూసుకుంది.

పాట సాగుతూనే ఉంది. మూడో చరణం అయింది, నాలుగోది మొదలైంది. నిండుగా, వణుకన్నది లేకుండా సాగుతోంది. పిడి చూస్తే చచ్చిన పాములా పడి ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఆ ఒక్క చరణంసేపు తిత్తులమ్మ ఏమనుకుందో తెలుసా? దేవుడే ఊదుతున్నాడనుకుంది. బిడ్డకోసం నేను చెయ్యి తీశాను, ఆయన తన చెయ్యి వేశాడనుకుంది. పాపని గుండెకి హత్తుకుని, బుగ్గలమీద నీళ్ళు కారిపోతుంటే నవ్వింది. ముప్పై ఒక్క ఏళ్ళకి ఆయన నా గదిలోకి వచ్చాడు అనుకుంది.

పాట అయిపోయింది. ఒక్క తట్టు. చాలని.

మోతలన్నీ ఆగాక ఆ జోరీగ మాత్రం ఆగలేదు. నేలకి చెవి ఆన్చి వింటే ఆ చప్పుడు ఏ పక్కింటినుంచీ కాదు, తన కాళ్ళకిందనుంచే వస్తోంది. ఆవిడ పాపని భుజాన వేసుకుని, తిత్తులమీది చెక్కపలక లాగి చూసింది. కొత్త ఇనుప గొట్టం ఒకటి నేలలోంచి వచ్చి గాలిపెట్టెలోకి పోతోంది. తిత్తులనుంచి పెట్టెలోకి పోయే దారికి అడ్డంగా చెక్కముక్క పెట్టి మేకులు కొట్టేశారు; తిత్తుల గాలి పక్కనున్న కంతలోంచి బయటికి పోతోంది. తిత్తి పైన తాడుతో కట్టి ఒక ఆకుపచ్చ గుడ్డసంచి ఉంది. అందులో తూకం రాయి, రెండు కిలోలది.

సంచి మూతికి రెండు వరసల కుట్టు, మూల దగ్గర చిన్న మడత. ఆ మడత వేసేవాళ్ళు వేరే ఎవరూ లేరు. బడి ల్యాబులో తూకం రాళ్ళు తుప్పు పడుతున్నాయని అక్క కూతురు అంటే, కర్టెన్లలో మిగిలిన గుడ్డతో తనే అరడజను సంచులు కుట్టి ఇచ్చింది.

ఆరాధన ముగిశాక మాస్టారు కోటు తొడుక్కుంటుంటే ఆవిడ వెళ్ళి ఎదురుగా నిలబడింది. ఇరవై రెండేళ్ళలో మధ్యన చెక్కగోడ లేకుండా ఇంత దగ్గరగా నిలబడటం అరుదు.

“ఎన్నాళ్ళయింది మాస్టారూ?”

ఆవిడ చేతిలో సంచి చూసి ఆయన నీళ్ళు నమిలాడు. “ఎనిమిది నెలలు అక్కగారూ. మీకు జ్వరమొచ్చిన వారం చర్చివాళ్ళు గాలి మోటారు పెట్టించారు.”

“మరి తట్టడమెందుకు?”

ఆయన కోటు గుండీతో తంటాలుపడ్డాడు.

“గాలి కావాలని ప్రతి పాటకీ తట్టారే. నేను సిద్ధమని తిరిగి తట్టానే. వినేవారా, నవ్వుకునేవారా?”

“ఒట్టు, ఏనాడూ నవ్వలేదు. చెబుదామనే ప్రతివారం అనుకునేవాణ్ణి. మీరు ఒక్క వారమూ మానరు, ఎప్పుడు చెప్పను?”

“నేను మానేస్తే చెప్పేవారా? ఎవరికి, ఆ తలుపుకా?”

“మీ మనసు కష్టపెట్టలేక…”

“మంచిపని చేశారు. కొయ్యగుర్రం ఎక్కించి ఊపుకోమన్నారు. ఎంత దూరం వచ్చానో అని నేను మురిసిపోయాను.”

ఇంటికి చేరేసరికి అక్క కూతురు అప్పుడే నిద్రలేచి, ఇన్నాళ్ళకి కంటినిండా పడుకున్న మొహంతో తలుపు తీసింది. తిత్తులమ్మ పాపని ఇచ్చింది. పాలు అడ్డంపడ్డ సంగతి, తీసిన సంగతి, ఉన్నదున్నట్టు చెప్పింది. తర్వాత సంచిలోంచి రాయి తీసి నోటుపుస్తకం మీద పెట్టింది.

“ఇది నీదేగా?”

ఆ అమ్మాయి రాయిని చూసి మంచంమీద కూలబడింది.

“నోరు తెరువు.”

“మాస్టారు వచ్చి అడిగారు పిన్నీ. మోటారు ఎంతది పెట్టాలని. గాలి ఒత్తిడి లెక్క కట్టిచ్చాను. పిడి మరీ తేలికైపోతే నీకు తెలిసిపోతుందన్నారు. తిత్తిమీద రెండు కిలోలు పెడితే పాత బరువే తెలుస్తుందని చెప్పాను.”

“అంటే ఎంత బరువైతే నేను మోసపోతానో లెక్క కట్టావు.”

“నీ భుజం అరిగిపోయింది. ఆ పెళ్ళిరోజు నువ్వు ఎంత ఏడ్చావో నాకు తెలుసు. నీ అవసరం లేదని నీతో ఎవరు చెబుతారు? ఆ మాట బాబాయి అన్నాక నువ్వు ఎలా అయిపోయావో అమ్మ చెప్పేది. నాకు నోరు రాలేదు.”

“ఆయన ఒక్క నిమిషంలో చెప్పి పోయిన మాటని మీరు ఎనిమిది నెలలు దాచారు. ఆయనే నయం, మొహాన చెప్పాడు.”

“నిన్న పాపని తీసుకెళ్తానన్నప్పుడు చెబుదామనుకున్నా…”

“నిద్రొచ్చిందిగా, పోనీలే.” తిత్తులమ్మ ఆకుపచ్చ సంచిని నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది. “రాయి నీది. సంచి నాది. దీన్ని మాత్రం ఇవ్వను.”

మూడు ఆదివారాలు ఆవిడ చర్చికి వెళ్ళలేదు. మాస్టారు రెండుసార్లు ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడి వెళ్ళాడు. ఆవిడ మిషను ఆపలేదు. కర్టెన్లు కుడుతూ దేవుడితో పోట్లాట పెట్టుకుంది. నువ్వూ వాళ్ళతో కలిశావా అంది. ఎనిమిది నెలలు పైనుంచి చూస్తూ ఊరుకున్నావు, ఉత్త కర్ర ఊపుతున్నానని నీకు తెలుసు. ఆ ఒక్క చరణంసేపు నువ్వే వచ్చావనుకున్నాను, అది కూడా మోటారే. చివరికి నీకూ నా అవసరం లేదన్నమాట.

ఈ మాట అన్న ప్రతిసారీ గుమ్మంలో లారీ మొగుడు నిలబడ్డట్టే ఉండేది.

ఆ గదిలో కూర్చుని విన్న ప్రసంగాలు ముప్పై ఒక్క ఏళ్ళవి ఉన్నాయి. వాటిలో ఒకటి ఈ మధ్యనే చెవిలో తిరగడం మొదలైంది. అందరికీ ఊపిరి పోసేవాడు ఎవరి చేతి సాయం మీదా బతకడని, ఆయనకి ఏదో కొరవడినట్టు మనం తెచ్చి ఇచ్చేది ఏమీ లేదని. ఇది ఆవిడ పదిసార్లు వింది. వేరేవాళ్ళకి చెబుతున్నారనుకుంది. మనసులో తనది మినహాయింపు.

మూడో వారం ఒక మధ్యాహ్నం, తిన్నగా సాగుతున్న కుట్టు మధ్యలో ఆపి, ఆవిడ ఆ మాటని మొదటిసారి తనకి చెప్పిన మాటగా తీసుకుంది. సరే, ఆయనకి అవసరం లేదు. ఎనిమిది నెలలనుంచి కాదు. ఎప్పుడూ లేదు. ఆర్గన్ లేనప్పుడు, దాని చెక్క ఇంకా చెట్టుగా మొలవనప్పుడు, లోకమే లేనప్పుడు కూడా ఆయనకి లోటు లేదు. తండ్రికి కుమారుడున్నాడు, వాళ్ళ మధ్య ప్రేమ ఉంది. ఒంటరిగా తోచక మనుషుల్ని చేసుకోలేదు. మరయితే నన్నెందుకు చేసినట్టు?

మొగుడికి వండిపెట్టే మనిషి కావలసివచ్చింది. ఇంకొకరు దొరికారు, ఈవిడతో పని తీరిపోయింది. చర్చికి గాలి కావలసివచ్చింది. మోటారు వచ్చింది, పని తీరిపోయింది. ఇద్దరూ ఒక రకమే. కాకపోతే ఒకరు చెప్పారు, ఒకరు దాచారు. ఏ పనీ లేకుండా ఎవరైనా తనని కావాలనుకుంటే, ఆ కావాలనుకోవడం ఏది తీరితే ఆగుతుంది? ఆవిడ ఎంత వెతికినా దాన్ని ఆపగలిగేది ఏదీ కనబడలేదు. అంతేకాదు, ఏ లోటూ లేనివాడు మనిషిగా పుట్టి లోటుల్లోకి దిగివచ్చాడు. తల్లి పాలకోసం ఏడ్చాడు, బావి దగ్గర ఎవరో ఆడమనిషిని నీళ్ళడిగి దాహం తీర్చుకోవాలనుకున్నాడు, పక్కన కూర్చుని తిన్నవాడే పట్టిచ్చేస్తే చూస్తూ ఊరుకున్నాడు. ఆ పట్టిచ్చినవాడి సంగతి గుర్తుకొచ్చినప్పుడు మాత్రం తిత్తులమ్మకి దేవుడిమీద కాస్త తోటిమనిషి మీద కలిగే జాలిలాంటిది కలిగింది.

దీనితో గుండె మంట చల్లారిందంటే అబద్ధమే. నాలుగో ఆదివారం మాత్రం ఆవిడ చర్చికి వెళ్ళింది. వెనకతలుపు దగ్గర కాళ్ళు అలవాటుగా ఆగాయి. వాటిని తిప్పుకుని ముందునుంచి లోపలికి వచ్చి, చివరినుంచి మూడో బెంచీమీద, గోడవైపు కూర్చుంది.

మాస్టారు పాటకి ముందు అలవాటు కొద్దీ చెయ్యెత్తాడు. చెక్కదాకా పోయిన వేళ్ళు గాల్లో ఆగాయి. వెనక్కి తిరిగి, బెంచీలన్నీ వెతికి ఆవిడని చూశాడు. ఆవిడ కిటికీవైపు చూసింది.

పాట మొదలైంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఆర్గన్‌ని ముందునుంచి విననే లేదు. వెనక అదంతా కర్ర కిర్రుమనడం, తోలు గురక, దూరంగా ఒక గొణుగుడు. ఇక్కడ ఛాతీలోకి దిగుతోంది. బాగుంది. అంత బాగుండటం ఆవిడకి నచ్చలేదు. అయినా నోరు కదిలింది. పిడి ఊపుతూ పాడటానికి ఏనాడూ ఊపిరి చాలేది కాదు, అందుకని ఒక్క పాట కూడా పూర్తిగా రాదు. తెలిసిన చోట పాడింది, తెలియని చోట ఊరుకుంది. చివరి చరణం ముందు చేతులకేసి చూసుకుంది. ఖాళీగా, ఒళ్ళో పడి ఉన్నాయి. వాటిని ఎవరూ ఏమీ అడగలేదు.

మధ్యాహ్నం అక్క కూతురి ఇంటికి వెళ్ళింది. తలుపు తీసిన అమ్మాయి పక్కకి తప్పుకుంది. స్టూలు మీద రెండో నోటుపుస్తకం.

“మొదటిది నిండిపోయిందా?”

“ఆఁ… ఆ పాలు అడ్డంపడ్డప్పటినుంచీ మరీ భయంగా ఉంది.”

“దాని ఊపిరికి పిడి నీ చేతిలో లేదమ్మడూ. జాగ్రత్తగా చూసుకో, బోర్లా పడుకోబెట్టకు, డాక్టరు చెప్పినవన్నీ చెయ్యి. కానీ నువ్వు ఊపబట్టి అది ఊపిరి తీస్తోందనుకోకు. నేను అదే అనుకుని ఎనిమిది నెలలు ఉత్త కర్ర ఊపాను.”

“పిన్నీ… నన్ను క్షమించావా?”

“ప్రయత్నంలో ఉన్నాను. తొందరపెట్టకు.”

“సంచి?”

“ఇవ్వను.”

పాప మెలకువగానే ఉంది. ఏడవడం లేదు, కర్టెన్ మీద కదిలే ఎండని చూస్తోంది. తిత్తులమ్మ వంగి ఎత్తుకుంది.

“ఇప్పుడే పాలు తాగింది పిన్నీ, గుడ్డ కూడా మార్చాను. ఊరికే ఉందిగా, ఎందుకు ఎత్తడం?”

“ఊరికే ఉందనే.” ఆవిడ పాప తలని గడ్డం కింద పెట్టుకుంది. “ఏడిస్తే ఎవరైనా ఎత్తుకుంటారు. ఆకలైతే ఎవరైనా పాలు పడతారు. రోజుకి ఒక్కసారి, దానికి నీతో ఏ పనీ లేనప్పుడు, నీకూ దానితో ఏ పనీ లేనప్పుడు ఎత్తుకో. లెక్కపెట్టకు, వాచీ చూడకు. పెద్దయ్యాక దానికి నీ అవసరం తీరిపోతుంది, తీరాలి కూడా. అప్పుడు నీకు మిగిలేది ఇలా ఎత్తుకున్నదే.”

ఇదంతా రాస్తున్నది ఆ అక్క కూతురే. స్టాప్‌వాచీ తిరిగి బడికి చేరింది. పాప ఇప్పుడు పక్కగదిలో మేలుకుని ఉంది, ఏడవడం లేదు. కాబట్టి రాత ఇక్కడ ఆపి, వెళ్ళి ఎత్తుకోవాలి.